కిటికీ ఆపు, తలుపు లాగు

మైకమ్మ మొగుడికి భుజం నొప్పి అన్నమాట అబద్ధం కాదు. అబద్ధమే అయితే ఆవిడకి అంత కడుపుమంట ఉండేది కాదు. నొప్పి నిజం, వాపు నిజం, సాయంత్రం కాగానే చొక్కా విప్పి వీపు ఇటు తిప్పి "కాస్త నూనె రాయవోయ్, ప్రాణం పోతోంది" అనడం కూడా నిజం. ఆ నొప్పి ఎక్కడ తగిలించుకొస్తున్నాడన్నది మాత్రం ఆ ఇంట్లో ఆవిడకి తప్ప అందరికీ తెలుసు.

మైకమ్మ అన్నది చెరువు ఒడ్డున పడవలవాళ్ళు పెట్టిన పేరు. ఆవిడ పని బేకరీలో. పిండి కలిపే మిషన్ల మోతలో పక్కనున్నవాడికి మాట వినపడాలన్నా అరవాల్సిందే. అరిచి అరిచి ఆ గొంతు అలా సాగిపోయింది. ఈ ఒడ్డున నిలబడి "రండర్రా, తిందురుగాని" అని పిల్లల్ని కేకేస్తే, అవతలి ఒడ్డున ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా చేతులు కడుక్కునేవాళ్ళు. మొగుడికి కళ్ళద్దాల దుకాణం. ఊరందరి చూపూ సరిచేసే మనిషి, తన జోడు ఎక్కడ పెట్టాడో రోజూ పెళ్ళాన్నే అడుగుతాడు. కొడుకు లిఫ్టుల మెకానిక్కు. కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. కిందటి చలికాలంలో కొడుక్కి పెళ్ళైంది. కోడలు బడిలో ఆటల టీచరు. మనిషి పిచ్చుకంత, నడిచిందంటే పరుగే.

ఎండాకాలమంటే ఆ ఇంటికి పడవే. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు సెలవులొస్తే ఇల్లు పీకి పందిరేసేవాళ్ళు. ఈ కోతిమూకని నీళ్ళ మీదకి తోలితే తప్ప తనకి బతుకు లేదని మైకమ్మే పట్టుబట్టి ఓ పాత పడవ కొనిపించింది. పొడుగ్గా, సన్నగా, చెక్కతో చేసింది. అందులో ముగ్గురు ఒకరి వెనక ఒకరు కూర్చుని తలా రెండు తెడ్లు వేస్తారు. వాళ్ళ వీపులు పడవ వెళ్ళే దిక్కుకి ఉంటాయి గనక ఎటు పోతున్నారో వాళ్ళకి కనపడదు. పడవ చివర వాళ్ళకి ఎదురుగా కూర్చుని, చుక్కాని తాళ్ళు పట్టుకుని, కేకలతో తెడ్లు నడిపించే మనిషికొక్కరికే ముందున్నది కనపడుతుంది. ఆ మనిషి మైకమ్మ. తెడ్డు వేసేవాడు వెనక్కి తిరిగి చూస్తే పట్టు తప్పుతుంది, పడవ ఒరుగుతుంది. అందుకని మొగుడూ కొడుకూ కూతురూ ఆవిడ మొహం చూస్తూ, ఆవిడ మాట వింటూ లాగడమే నేర్చుకున్నారు.

ఆ నేర్చుకోవడం కూడా నీళ్ళ మీద జరగలేదు, వంటింట్లో జరిగింది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఆవిడ ఎడమ వాళ్ళకి కుడి అయ్యేది. మొదటిరోజు ఆవిడ ఒకటంటే వాళ్ళు ఇంకొకటి లాగి, పడవ తిరగలిలా తిరిగి, ఒడ్డున ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. మర్నాడు ముగ్గుర్నీ వంటింట్లో వరసగా కూర్చోబెట్టి చేతికి చీపుళ్ళిచ్చింది. "ఇటు కిటికీ, అటు తలుపు. ఇవాళ్టినుంచి మనకి కుడీ లేదు, ఎడమా లేదు" అంది. "కిటికీ ఆపు, తలుపు లాగు" అంటే పడవ ఒకవైపు తిరగాలి, "తలుపు ఆపు, కిటికీ లాగు" అంటే రెండోవైపు. పిల్లలు చీపుళ్ళతో నేలంతా ఊడ్చుకుంటూ పగలబడి నవ్వారు. మొగుడు కూడా నవ్వాడు. ఆ తరవాత ఎన్ని ఎండాకాలాలు వచ్చినా ఆ మాటలు మారలేదు.

ఎండాకాలం చివర్లో చెరువు మీద కుటుంబాల పోటీ జరిగేది. ఈ ఒడ్డు నుంచి బయల్దేరి, చెరువు అవతల తేలుతున్న ఎర్ర పీపాని చుట్టి మళ్ళీ ఇక్కడికే రావాలి. తెడ్లు వేసేవాళ్ళు ఒకే ఇంటివాళ్ళై ఉండాలి, కేకలేసేది ఎవరైనా ఫరవాలేదు. మైకమ్మ పడవ ఏటా కిందినుంచి మొదటిదో రెండోదో. ఆవిడకి ఆ చింతే లేదు. పోటీ మధ్యలో పక్క పడవలో కనపడినావిడని "మీ అమ్మాయి నీళ్ళోసుకుందటగా, ఎన్నో నెల?" అని పలకరించే రకం. నలుగురూ కలిసి పొద్దంతా ఎండలో, నీళ్ళలో గడిపి, నల్లగా మాడి, ఆకలితో నకనకలాడుతూ ఇంటికొస్తే ఆవిడకి అదే పెద్ద గెలుపు. మొగుడికి అలా కాదు. దుకాణానికి వచ్చినవాడల్లా "ఈసారి కూడా ఆఖరేనా మాస్టారూ" అంటుంటే అద్దాలు తుడుస్తూ పళ్ళు నూరుకునేవాడు. ఆ సంగతి ఆవిడ గమనించలేదు. మనిషి మంచివాడని నమ్మితే అతని పళ్ళు ఎవరు చూస్తారు?

ఈ ఏడు ఎండలు ముదరకముందే ఆయన భోజనాల దగ్గర అన్నాడు: "ఈసారి పోటీ వద్దులేవోయ్. భుజం సహకరించటం లేదు."

"అవునమ్మా, నాన్నని ఇబ్బంది పెట్టొద్దు," అన్నాడు కొడుకు.

కూతురు పళ్ళెంలోకి చూస్తూ తల ఊపింది.

మైకమ్మకి ప్రాణం ఉసూరుమంది. కానీ భుజం కన్నా పడవ ఎక్కువా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఆ రోజునుంచీ సాయంత్రాలు నూనె వెచ్చబెట్టి ఆయన భుజాలు, వీపు, ముంజేతులు మర్దనా చెయ్యడం మొదలుపెట్టింది. బేకరీలో తెల్లవారకముందే డ్యూటీ ఎక్కి, పొయ్యి సెగకి కమిలిపోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరే మనిషి. ఆ చేతులతోనే చేసింది. ఎంత రుద్దినా మర్నాటికి మళ్ళీ కండలు బిగుసుకుపోయి ఉండేవి. "ఇదేం పాడు నొప్పండీ, తగ్గినట్టే తగ్గి తిరగబెడుతోంది" అని బాధపడేది. ఆయన కళ్ళు మూసుకుని "అలాగే, అక్కడే, ఇంకాస్త" అనేవాడు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికైనా మూతి తుడుచుకోవాలన్న ఇంగితం ఉంటుంది.

ఓ రోజు బేకరీలో పొయ్యి చెడిపోయి అందర్నీ ముందే పంపేశారు. పోటీకి వెళ్ళకపోయినా చెక్క చెక్కే కదా, ఎండిపోతే పగుళ్ళిస్తుంది అనుకుని మైకమ్మ వార్నిషు డబ్బా పట్టుకుని చెరువు అవతలి కొసనున్న పడవల షెడ్డుకి వెళ్ళింది. చలికాలమంతా బోర్లించి ఉన్న పడవ కనక దుమ్ము కొట్టుకుని ఉంటుందనుకుంది. చెయ్యి వేసేసరికి తడిగా తగిలింది. అడుగునుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. షెడ్డు తాళంచెవి ఉన్నది తమ ఇంట్లోనే.

తిప్పి చూసింది. కేకలేసే మనిషి కూర్చునే చోట కాళ్ళు తన్నిపెట్టే పలకని విప్పి బాగా దగ్గరకి జరిపి బిగించారు. మైకమ్మ ఎక్కి కూర్చుంది. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. పొట్టి కాళ్ళ మనిషికి సరిపోయే కొలత అది. చెయ్యి కిందకి పోనిస్తే బల్లకింద తాళ్ళతో గట్టిగా కట్టిన ఇసుక మూట ఒకటి దొరికింది.

ఆ ఇసుక ఏమిటో అర్థం కావడానికి ఆవిడకి ఎక్కువసేపు పట్టలేదు. ఏళ్ళ తరబడి ఆ పడవ ఆవిడ బరువుకి అలవాటు పడింది. ఆవిడ దిగిపోయి ఆ చోట పిచ్చుకలాంటి పిల్ల కూర్చుంటే వెనకభాగం తేలిపోయి ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంది. అందుకని తక్కువపడ్డ బరువుకి ఇసుక కట్టారు. అంటే వాళ్ళకి ఆవిడ బరువు కావాలి, ఆవిడ అక్కర్లేదు. మైకమ్మ ఆ మూట మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. మొదట సిగ్గేసింది. తరవాత సాయంత్రాలు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. తను రోజూ నూనె రాసి, నలిపి, మర్నాటి సాధనకి సిద్ధం చేసి పంపుతున్నది ఆ చేతుల్నే. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళ గురించి విన్నది గాని, ఆ గుడ్డ తనచేతే తడిపించుకునేవాళ్ళని ఇదే చూడడం.

ఇంటికెళ్ళి రచ్చ చెయ్యలేదు. మైకు నోరున్న మనిషి నోరు కట్టేసుకుంది. వాళ్ళంతట వాళ్ళు చెబుతారేమో చూద్దామనుకుంది. తన చోటు పోయినందుకు సగం బాధైతే, తనకి చెప్పకపోవడం మిగతా సగం. ఆ మిగతా సగమైనా వాళ్ళు తీరుస్తారని ఆవిడ ఆశ.

ఆ సాయంత్రం మొగుడు యథాప్రకారం వీపు తిప్పి కూర్చున్నాడు. మైకమ్మ నూనె గిన్నె పక్కన పెట్టుకుని తీరిగ్గా అంది: "పడవల షెడ్డు దగ్గర పొద్దున్నే ఎవరో దొంగ తిరుగుతున్నాడటండీ."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఈయన నిజంగానే తడుముకున్నాడు. "దొంగా? మన పడవ ఎవడికి కావాలోయ్, పాతది" అన్నాడు.

"అదే నేనూ అనుకున్నా. పొద్దున్న పూట మీరేం చేస్తున్నారు ఈమధ్య?"

"ఏం చేస్తాను, పేపరు చదువుకుని దుకాణానికి పోతాను. అబ్బా! నెమ్మదిగా!"

"నొప్పి తెలిస్తే మంచిదేనండీ," అని మైకమ్మ బొటనవేలు ఇంకాస్త లోపలికి దించింది.

కొడుకుని అడిగింది. వాడు "పడవ మాట ఎత్తకమ్మా, నాన్న బాధపడతాడు" అని తిరిగి తనకే బుద్ధి చెప్పాడు. వాడిమీద కోపమొచ్చింది. కూతురి మీద ఆశ ఉంది, అది తన బిడ్డ, తన ఒడిలో కూర్చుని చుక్కాని తాళ్ళతో ఆడుకున్న పిల్ల. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే పక్కన చేరి నెమ్మదిగా అడిగింది.

"నాకేమైనా చెప్పాలనుందా తల్లీ?"

పిల్ల చేతిలో తడి దుప్పటి అలాగే ఆగింది. "ఏం లేదమ్మా. ఆ క్లిప్పు ఇలా ఇవ్వు" అంది.

మైకమ్మ క్లిప్పు ఇచ్చింది. కిందకి వచ్చి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. కోడల్ని మాత్రం అడగలేదు. బయటినుంచి వచ్చిన పిల్ల, అడిగితే ఇంకెన్ని మాటలు వినాలో అనుకుంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

పోటీ ఆదివారం వచ్చింది. "కోడలి పిన్నిగారింట్లో భోజనానికి పిలిచారు, నలుగురం పొద్దున్నే పోతాం. నీకెలాగూ డ్యూటీ కదా" అన్నాడు మొగుడు. డ్యూటీ అని మైకమ్మే చెప్పింది. నిజానికి సెలవు పెట్టింది. వాళ్ళు అటు వెళ్ళగానే ఇటు చీర మార్చుకుని చెరువుకి బయల్దేరింది. గొడవ పెట్టుకోవాలని కాదు. ఒడ్డున వాళ్ళకి కనపడేలా నిలబడాలి, అంతే. వాళ్ళు తనని చూడాలి.

ఒడ్డంతా జనం. గొడుగులు, చాపలు, తిండి డబ్బాలు, అప్పుడే తడిసి ఏడుస్తున్న చంటిపిల్లలు. మైకమ్మ జనంలోంచి నీళ్ళవైపు నడుస్తుంటే పళ్ళ డాక్టరమ్మ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఏటా కిందినుంచి మొదటి స్థానం కోసం మైకమ్మ పడవతో పోటీపడేది ఆవిడ పడవే.

"అక్కా, దేవతలా వచ్చావు! మా అమ్మాయికి జ్వరం. కేకలేసే మనిషి లేదు. మీవాళ్ళకి మీ కోడలు కూర్చుంటోందటగా. నువ్వు ఖాళీయే కదా, మా పడవెక్కు అక్కా, పుణ్యముంటుంది."

నువ్వు ఖాళీయే కదా. ఆ మాట అన్నావిడకి అందులో విషం లేదు. ఊరందరికీ తెలిసిన సంగతి తనకొక్కదానికే చెప్పలేదన్న లెక్క ఇంకోసారి తేలింది, అంతే. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

"ఎక్కుతాను," అంది మైకమ్మ.

డాక్టరమ్మ, ఆవిడ భర్త, ఆవిడ తమ్ముడు వరసగా కూర్చున్నారు. మైకమ్మకి వచ్చిన భాష ఒకటే. "ఇదిగో, ఇటు కిటికీ, అటు తలుపు. గుర్తుపెట్టుకోండి" అంది. వాళ్ళు నవ్వి, రెండుసార్లు చేతులాడించి నేర్చేసుకున్నారు. చదువుకున్నవాళ్ళు, ఎంతసేపు?

బయల్దేరే చోట పక్కకి వచ్చి ఆగింది తన పడవ. తన చోట కోడలు, మెడలో విజిల్. మొదట చూసింది ఆ పిల్లే. చూసి భయపడలేదు, మొహం ఇంత చేసుకుని నవ్వింది.

"అత్తయ్యా! మీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వంగి కూర్చోలేకపోతున్నానని మీరే తప్పుకున్నారటగా, మామయ్య చెప్పారు. మీ దగ్గర పడవ మాటెత్తితే బాధపడతారని కూడా అన్నారు. తగ్గితే మీరే కూర్చోవలసింది!"

మైకమ్మకి మోకాళ్ళ నొప్పి ఎన్నడూ లేదు. మొగుడి వంక చూసింది. ఆయన తెడ్డు పిడి వంక చూశాడు. కొడుకు ఆకాశం వంక చూశాడు. కూతురు మాత్రం తల్లి కళ్ళలోకి చూసి, మొహం పాలిపోయి, పెదాలు కదిపింది. ఏమందో వినపడేలోపు జెండా కిందపడింది.

మైకమ్మ గొంతు విప్పింది. ఎండాకాలమంతా మింగిన కేకలన్నీ ఒక్కసారి వచ్చాయి. "లాగు! వదులు! లాగు! వదులు!" డాక్టరమ్మ పడవ ఎగిరి ముందుకి దూకింది. ఆ ఇంటివాళ్ళు తమకి ఇంత బలముందని అప్పటిదాకా ఎరగరు. చెరువు మధ్యకి వచ్చేసరికి మైకమ్మ ఉన్న పడవ ముందుంది, తనవాళ్ళ పడవ ఎడంచేతివైపు ఓ పడవ పొడుగు వెనకుంది. కోడలు విజిల్ ఊదుతోంది, ఒకటీ రెండూ అంటోంది. మంచి శిక్షణే, పద్ధతిగా ఉంది. కానీ నీళ్ళ మీద పరుచుకుంటున్నది ఒక్క మైకమ్మ గొంతే.

డాక్టరమ్మ రొప్పుతూ అంది: "అక్కా, చూడు... మీవాళ్ళు మన కేకకే వేస్తున్నారు."

మైకమ్మ మెడ తిప్పి చూసింది. నిజమే. ఆవిడ లాగమంటే ఆ ముగ్గురి తెడ్లు కూడా నీళ్ళలో పడుతున్నాయి, వదలమంటే లేస్తున్నాయి. పరీక్షకి కేక కాస్త తొందర చేసింది. వాళ్ళూ తొందరపడ్డారు. కోడలు పడవ అంచు మీద చేత్తో కొడుతూ "నన్ను చూడండి, నా మాట వినండి" అని అరుస్తోంది. ముగ్గురూ ఆ పిల్ల మొహమే చూస్తున్నారు, చేతులు మాత్రం ఇటే వింటున్నాయి. వీపులు ఇటు తిప్పి కూర్చున్నవాళ్ళు కదా, ఆ గొంతు ఎక్కడున్నదో వాళ్ళకి కనపడదు. అది తమ వెనకనుంచి వస్తోంది, అమ్మది, అంతే తెలుసు.

గుండెలో ఏదో ఒక్క క్షణం మెత్తబడింది. నన్ను దించేశారు గాని నా గొంతుని దించలేకపోయార్రా అనుకుంది. ఆ వెంటనే ఇంకోటి అనుకుంది. ఇంత వినే చెవులుండి, వారాల తరబడి నా ఎదురుగా కూర్చుని అబద్ధమాడారు.

ఎర్ర పీపా దగ్గరకి వచ్చింది. దాన్ని ఎడంచేతివైపు ఉంచి చుట్టాలి. తనున్న పడవ ఇప్పుడు తిరగాలి. తనవాళ్ళ పడవ ఇంకో పడవ పొడుగు ముందుకి వచ్చాకగాని తిరక్కూడదు. ముందే తిరిగితే పీపాకి లోపలే తిరిగిపోతుంది, లెక్కలోంచి పోతుంది. మైకమ్మకి అది స్పష్టంగా తెలుసు. వేరే మాట వాడొచ్చు, డాక్టరమ్మవాళ్ళకి ఎడమంటే అర్థం కాకపోదు. ముందుకి వంగి గొంతు తగ్గించి చెప్పినా ఆ ముగ్గురికీ వినపడుతుంది. ఆ ఆలోచనకి సరిపడా వ్యవధి ఉంది. ఆవిడ ఆలోచించింది కూడా.

గుండెల నిండా గాలి పీల్చి, చెరువు దద్దరిల్లేలా అరిచింది.

"కిటికీ ఆపు! తలుపు లాగు!"

రెండు పడవలూ ఒక్కసారే తిరిగాయి. డాక్టరమ్మది పీపాని చుట్టుకుని తిరిగింది. తనవాళ్ళది పీపాకి లోపల, కోడలు చుక్కాని తాళ్ళు ఎంత లాగినా ఆగకుండా, గిర్రున తిరిగి గట్టునున్న తుంగలోకి దూసుకుపోయి ఆగింది. మైకమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. "లాగు! వదులు!" అంటూ పోయింది. డాక్టరమ్మ పడవ మూడోది వచ్చింది. ఆ ఇంటివాళ్ళు ప్రపంచాన్ని గెలిచినట్టు గంతులేశారు. మైకమ్మని కౌగలించుకున్నారు. ఆవిడకి ఏ సంతోషమూ అందలేదు.

తనవాళ్ళు నెమ్మదిగా ఒడ్డుకి వచ్చారు, ఒంటినిండా బురద, తుంగ ఆకులు. మొగుడు దిగీదిగగానే అందుకున్నాడు.

"కావాలనే చేశావు కదూ?"

"నేను నా పడవకి చెప్పుకున్నాను. మిమ్మల్ని ఎవరు వినమన్నారు?"

"ఈసారి గెలిచేవాళ్ళం! గెలిచి, కప్పు తెచ్చి నీ చేతిలో పెట్టి అప్పుడు చెబుదామనుకున్నాం. చూస్తే కోపం పోతుందనుకున్నా."

"మోకాళ్ళ నొప్పి కూడా అప్పుడే చెబుదామనుకున్నారా?"

కోడలు ఒకసారి మామగారివంక, ఒకసారి అత్తవంక చూసింది. మెడలోంచి విజిల్ తీసి తన మొగుడి చేతిలో పెట్టింది. "అబద్ధం మీద కూర్చోబెడుతున్నారని తెలిస్తే ఎక్కేదాన్నే కాదు" అంది.

కూతురు మాత్రం ముందుకి వచ్చింది. బురద చేతులతో కళ్ళు తుడుచుకోవడంతో మొహమంతా చారలు కట్టింది.

"అమ్మా, ఒక్కటే చెప్పు. మేం నీ కేకకి వేస్తున్నామని నీకు తెలుసా? తెలిసే తిప్పమన్నావా?"

తెలియదంటే చాలు. ఆ పిల్ల అంతకన్నా ఏమీ కోరడం లేదు. తెలియదు తల్లీ, నా ధ్యాసలో నేనున్నాను అంటే మెడని చుట్టేసుకుని ఏడుస్తుంది, తను కూడా ఏడవొచ్చు, తప్పంతా మిగతావాళ్ళదే అయిపోతుంది. కానీ అబద్ధానికి ఇంత కుళ్ళి ఏడ్చిన నోటితో ఇంకో అబద్ధం రాలేదు.

"తెలుసు," అంది మైకమ్మ.

"నీ గొంతు వినపడేసరికి నువ్వు మా పడవలోకి వచ్చేసినట్టే అనిపించిందమ్మా," అంది కూతురు. "నీకు చెప్పలేదు, తప్పే. డాబా మీద అడిగినప్పుడు నోటిదాకా వచ్చింది, నాన్న ఒట్టేయించుకున్నారు. కానీ నువ్వు తిప్పమంటే తిప్పేశాను. ఎందుకని అనుకోలేదు."

మైకమ్మకి, మీరు మొదలుపెట్టారు అనాలనుంది. అది నిజమే. ఆ నిజం చేతికి అందింది గాని దానితో చెయ్యడానికి ఏమీ కనపడలేదు.

పడవని మళ్ళీ అవతలి షెడ్డుకి చేర్చాలి. "మీరు కూర్చోండి అత్తయ్యా, నేను గట్టు మీద నడిచి వస్తాను" అని కోడలు తిండి డబ్బాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఎవరూ ఎవర్నీ ఎక్కమనలేదు. మైకమ్మే ఎక్కి, తన పాత చోట, మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే ఇరుకుగా కూర్చుని తాళ్ళు చేతిలోకి తీసుకుంది. ఎదురుగా ముగ్గురూ సర్దుకున్నారు. ఎండ ఇంకా చుర్రుమంటోంది. ఒడ్డున జనం నవ్వులు, ఎవరో పిల్లల్ని అన్నానికి పిలుస్తున్న కేకలు.

"లాగు. వదులు," అంది, చిన్న గొంతుతో. తెడ్లు కలిసి పడ్డాయి. చెరువు మధ్యదాకా బాగానే సాగింది. కూతురు తనవైపే చూస్తోంది. మొగుడు కూడా. సర్దుకుంటుందిలే అనుకుంది మైకమ్మ. ఇల్లన్నాక ఇలాంటివి లేకుండా పోవు, రేపు కాకపోతే ఎల్లుండి నవ్వుకుంటారు.

షెడ్డు దగ్గర పడింది. అక్కడ పడవని పక్కకి తిప్పితేగాని రేవులోకి పోదు. రాళ్ళకి ఇంకా దూరముంది, నీళ్ళు నిలకడగా ఉన్నాయి.

"తిప్పండి," అంది మైకమ్మ.

ముగ్గురి తెడ్లూ గాల్లోనే ఆగాయి. ముందు మొగుడు, తరవాత కొడుకు, ఆఖరున కూతురు, ఒక్కొక్కరే మెడ తిప్పి వెనక్కి చూశారు. షెడ్డు నిజంగా అక్కడే ఉందని చూసుకున్నాకే తెడ్డు వేశారు.